బెడ్లు లేవా, లేక ఖాళీ అవ్వట్లేదా? ఒక టీచింగ్ హాస్పిటల్ డిశ్చార్జ్‌ల మీద చేసిన సిమ్యులేషన్ కేస్

మేనేజ్‌మెంట్ వాళ్ళు మమ్మల్ని పిలిచి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. ఇంకో 20 బెడ్లు వేస్తే క్యాజువాలిటీలో రద్దీ తగ్గుతుందా, తగ్గదా? కొత్త వార్డుకి ప్లాన్ గీసేశారు, కొటేషన్లు కూడా వచ్చేశాయి, చివర్లో ఎవరో ఒకసారి లెక్క చూపించుకుందాం అన్నారంట, అలా మా దగ్గరికి వచ్చింది. నేను చదివింది ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్, చాలాకాలంగా హాస్పిటల్ ఆపరేషన్స్‌లోనే పని. హాస్పిటల్ కోస్తా ఆంధ్రలో ఒక ప్రైవేట్ మెడికల్ కాలేజీది, పేరు చెప్పను. వాళ్ళ అసలు అంకెలు కూడా బయటపెట్టకూడదు, కాబట్టి కింద నేను వేసే లెక్కలన్నీ రౌండ్ ఫిగర్లతో ఉదాహరణకి వేసినవే, కాలిక్యులేటర్ తీసుకుని మీరే సరిచూసుకోవచ్చు.

ముందు పరిస్థితి ఏంటో చెప్తా. సాయంత్రం అయ్యేసరికి క్యాజువాలిటీలో అడ్మిషన్ రాసేసిన పేషెంట్లు స్ట్రెచర్ల మీదే ఉంటారు, పైన వార్డుకి ఫోన్ చేస్తే "బెడ్ లేదు డాక్టర్, ఒకటి డిశ్చార్జ్ ఉంది, ఇంకా వెళ్ళలేదు" అంటారు. కింద స్ట్రెచర్లు అయిపోతాయి, అంబులెన్స్‌లో వచ్చిన పేషెంట్‌ని దింపడానికి చోటుండదు, డ్యూటీలో ఉన్న క్యాజువాలిటీ మెడికల్ ఆఫీసర్ ఒక పక్క పేషెంట్లని చూస్తూ ఇంకో పక్క వార్డులకి ఫోన్లు కొడుతూ ఉంటాడు. కానీ రిపోర్ట్ చూస్తే ఆక్యుపెన్సీ, అంటే ఎంత శాతం బెడ్లు నిండాయన్న లెక్క, బాగానే ఉంటుంది, బెడ్లు ఖాళీగానే కనిపిస్తాయి. ఎందుకంటే ఆ లెక్క తీసేది రాత్రి 12 గంటలకి, మిడ్‌నైట్ సెన్సస్ అంటారు కదా, అదన్నమాట. ఆ టైమ్‌కి పగటి డిశ్చార్జ్‌లు చాలావరకు వెళ్ళిపోయి ఉంటాయి, అందుకే క్యాజువాలిటీ వాళ్ళు చెప్పేదీ నిజమే, రిపోర్ట్ చెప్పేదీ నిజమే.

వార్డులో పొద్దున్న రౌండ్స్ అయ్యేసరికి 11 అవుతుంది. "ఇవాళ పంపించేయండి" అని కన్సల్టెంట్ అన్న దగ్గర్నుంచి పేషెంట్ నిజంగా బెడ్ దిగేవరకు చాలాసార్లు సాయంత్రం అయిపోతుంది. ఈలోపు ఓపీ నుంచి అడ్మిషన్లు 11 నుంచే మొదలవుతాయి, క్యాజువాలిటీ ఎలాగూ సాయంత్రం పెరుగుతుంది. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతి వాళ్ళు తినేసి కూడా కబుర్లు చెప్పుకుంటూ లేవకపోతే రెండో బంతి వాళ్ళు కుర్చీల వెనకాల నిలబడతారు చూడండి, అచ్చం అదే. అక్కడ ఇంకో వరస టేబుళ్ళు వేసినా పనవుతుంది, లేపినా పనవుతుంది, కాకపోతే ఖర్చులో తేడా.

ఎంత తేడా అనేది చేతి లెక్కతోనే కొంత తెలుస్తుంది. లిటిల్స్ లా అని ఒకటుంది, జాన్ లిటిల్ 1961లో దానికి ప్రూఫ్ ఇచ్చాడు, చాలా సింపుల్: లోపల సగటున ఉండే మంది = వచ్చే రేటు × ఒక్కొక్కరు ఉండే టైమ్. రోజుకి 40 అడ్మిషన్లు, ఒక్కొక్కరు 5 రోజులు ఉంటే 200 బెడ్లు నిండి ఉంటాయి. ఇప్పుడు డాక్టర్ వెళ్ళమన్నాక కూడా ప్రతి పేషెంట్ సగటున 6 గంటలు బెడ్ మీదే ఉంటున్నాడు అనుకోండి, అంటే పావు రోజు, 40 × 0.25 = 10. ఆ 200లో 10 బెడ్ల మీద ఏ క్షణం చూసినా వైద్యం అయిపోయి కాగితాల కోసం కూర్చున్న మనుషులే ఉన్నారన్నమాట. ఈ ఒక్క లెక్క మొదటి మీటింగ్‌లో బోర్డు మీద రాస్తే చాలు, కొత్త వార్డు గురించి మాట్లాడే గొంతులు కాస్త తగ్గాయి.

మరి ఇది చాలదా, సిమ్యులేషన్, అంటే హాస్పిటల్ నమూనాని కంప్యూటర్లో నడిపి చూడటం, ఎందుకు అంటారేమో. చాలదు, ఎందుకంటే ఇదంతా సగటు. పేషెంట్ బాధ సగటులో ఉండదు, గడియారంలో ఉంటుంది. అదేంటో కింద వస్తుంది.

డిశ్చార్జ్ ఫైల్ ఒకటి పట్టుకుని దాని వెనకాలే తిరిగితే ఏం జరుగుతుందో చూడండి. కన్సల్టెంట్ వెళ్ళమన్నాక సమ్మరీ రాయాల్సింది పీజీ, అంటే ఇక్కడే ఎండీ, ఎంఎస్ చదువుతున్న డాక్టర్. ఆ పీజీకి ఇంకా రౌండ్స్ మిగిలి ఉంటాయి, లేదా క్యాజువాలిటీ నుంచి కాల్ వస్తుంది, సగం టైప్ చేసిన సమ్మరీ స్క్రీన్ మీద అలాగే ఉండిపోతుంది. సిస్టర్ మిగిలిన మందులు, సెలైన్ బాటిళ్ళు, సిరంజిలు లెక్కపెట్టి ఫార్మసీకి రిటర్న్స్ పంపాలి, అవి వెళ్ళేది వార్డ్ బాయ్ చేతిలో, ఆ వార్డ్ బాయ్ అదే టైమ్‌కి ఇంకో పేషెంట్‌ని స్కానింగ్‌కి తీసుకెళ్తుంటాడు. ఫార్మసీ క్లియరెన్స్ వస్తే గాని బిల్లింగ్ వాళ్ళు ఫైనల్ బిల్ తీయరు. క్యాష్ పేషెంట్ అయితే అటెండర్ బిల్లు చూసి, ఊళ్ళో బావగారికో తమ్ముడికో ఫోన్ చేసి, ఫోన్‌పే లిమిట్ దాటిందని ఇంకొకళ్ళ ఫోన్ నుంచి కొట్టించి, రసీదు తెచ్చి సిస్టర్‌కి చూపించాలి. ఆరోగ్యశ్రీ అయితే ఆరోగ్యమిత్ర దగ్గర కాగితాలు. ఇన్సూరెన్స్ అయితే బిల్లు, సమ్మరీ రెండూ టీపీఏకి (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) అప్‌లోడ్ చేసి అప్రూవల్ కోసం కూర్చోవాలి. ఇదంతా అయ్యాక మందులు ఎలా వేసుకోవాలో సిస్టర్ చెప్పి, వీల్‌చైర్ వచ్చి, పేషెంట్ వెళ్ళాక హౌస్‌కీపింగ్ వాళ్ళు మంచం తుడిచి దుప్పటి మార్చి, ఆ సంగతి అడ్మిషన్ డెస్క్‌కి ఎవరో ఒకరు చెప్తే అప్పుడు అది ఖాళీ బెడ్. చెప్పకపోతే శుభ్రంగా ఖాళీగా ఉన్న బెడ్ కూడా కంప్యూటర్‌లో నిండినట్టే ఉంటుంది, ఇది మేము కళ్ళారా చూశాం.

డేటా దగ్గర చాలా టైమ్ పోయింది, నన్నడిగితే ఇలాంటి ప్రాజెక్ట్‌లో సగానికి పైగా పని ఇదే. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో డిశ్చార్జ్ టైమ్ అని ఒక కాలమ్ ఉంది, చూడ్డానికి బాగుంది, కానీ అది బిల్లు క్లోజ్ చేసిన టైమ్. పేషెంట్ బెడ్ దిగిన టైమ్ ఎక్కడా లేదు, బెడ్ రెడీ అయిన టైమ్ అసలే లేదు, కన్సల్టెంట్ "వెళ్ళమన్న" టైమ్ అయితే ఆయన నోట్లోనే ఉంది. అందుకని నర్సింగ్ ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడిగి స్టూడెంట్స్‌ని వార్డుకి ఇద్దరు చొప్పున పెట్టాం, కేస్ షీట్‌కి ఒక కాగితం పిన్ చేసి ప్రతి స్టెప్ దగ్గర టైమ్ రాయమన్నాం. అక్కడా తమాషానే, మొదట్లో వచ్చిన టైమ్‌లన్నీ 10:30, 11:15, 11:45 అని 0తోనో 5తోనో ఆగేవి, ఎందుకంటే గోడ గడియారం చూసి ఉజ్జాయింపుగా రాసేవాళ్ళు, పైగా రెండు వార్డుల గడియారాలకి ఒకదానికొకటి పొంతన లేదు. ఫోన్‌లో టైమ్ మాత్రమే రాయండమ్మా అన్నాక కాస్త దారిలో పడింది.

మోడల్ కట్టింది పైథాన్‌లో, సింపై అనే ఉచిత లైబ్రరీతో. ఎరీనా, ఎనీలాజిక్ లాంటి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు కొంటే బొమ్మలతో సహా చేసుకోవచ్చు గానీ లైసెన్స్ ఖర్చు ఉంటుంది, మా అవసరానికి సింపై సరిపోయింది. దీన్ని డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్ అంటారు: కంప్యూటర్ లోపల ఒక్కో పేషెంట్ ఒక్కో ప్రాసెస్, వస్తాడు, బెడ్ అడుగుతాడు, లేకపోతే క్యూలో ఉంటాడు, దొరికితే కొన్ని రోజులు ఉంటాడు, తర్వాత సమ్మరీ కోసం పీజీని అడుగుతాడు, బిల్లింగ్ కౌంటర్‌ని అడుగుతాడు, ఇలా. గడియారం నిమిషం నిమిషం నడవదు, ఒక సంఘటన నుంచి తర్వాతి సంఘటనకి దూకుతుంది, అందుకే ఏడాది హాస్పిటల్ కథ మామూలు ల్యాప్‌టాప్‌లో టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. ఎవరెప్పుడు వస్తారు, ఎన్ని రోజులుంటారు అనేది ర్యాండమ్ నంబర్ల నుంచి తీస్తాం, కానీ ఇష్టం వచ్చినట్టు కాదు, పాత డేటా ఆకారంలోనే. ఉదాహరణకి ఎన్ని రోజులుంటారు అన్నదానికి తోక పొడుగ్గా ఉంటుంది, ఎక్కువమంది మూడు నాలుగు రోజుల్లో వెళ్తారు, కొద్దిమంది మాత్రం నెలల తరబడి ఉంటారు, ఆ కొద్దిమందిని "అవుట్‌లయర్స్" అని తీసేసి మోడల్ చేస్తే హాస్పిటల్ ఎప్పుడూ ప్రశాంతంగానే కనిపిస్తుంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1952లోనే నార్మన్ బెయిలీ ఇంగ్లండ్ ఓపీల్లో అపాయింట్‌మెంట్ ఎలా ఇస్తే పేషెంట్ ఎంతసేపు వెయిట్ చేస్తాడు, డాక్టర్ ఎంతసేపు ఖాళీగా ఉంటాడు అని ర్యాండమ్ నంబర్లు పెట్టి కాగితం మీదే సిమ్యులేట్ చేశాడు. మనం ఇంకా చాలా చోట్ల ఓపీ పేషెంట్లందరినీ పొద్దున్న 9కే రమ్మంటాం.

మోడల్‌లో రెండు మూడు విషయాలు మన దగ్గర మాత్రమే ఉండేవి, వాటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఒకటి, పీజీ. మామూలుగా పుస్తకాల్లో సర్వర్ అంటే కూర్చున్న చోట కూర్చుని ఒకరి తర్వాత ఒకరికి పని చేసేవాడు. మన పీజీ అలా కాదు, సమ్మరీ మధ్యలో ఉండగా ఎమర్జెన్సీ కాల్ వస్తే లేచి పరిగెత్తాలి, తిరిగి వచ్చాక మళ్ళీ ఎక్కడిదాకా రాశానా అని చూసుకోవాలి. సింపైలో దీనికి ప్రీఎంప్టివ్ రిసోర్స్ అని ఉంది, ఎక్కువ ప్రయారిటీ ఉన్న పని వస్తే చేతిలో పని లాగేసుకుంటుంది. ఇది పెట్టక ముందు మోడల్‌లో సమ్మరీలు చకచకా అయిపోయేవి, పెట్టాక వార్డులో కనిపించేదే స్క్రీన్ మీద కనిపించడం మొదలైంది. ఇంకో సంగతి కూడా బయటపడింది: క్యాజువాలిటీ రద్దీగా ఉంటే పీజీలకి కాల్స్ ఎక్కువ, కాల్స్ ఎక్కువైతే సమ్మరీలు ఆలస్యం, సమ్మరీలు ఆలస్యమైతే బెడ్లు ఖాళీ కావు, బెడ్లు ఖాళీ కాకపోతే క్యాజువాలిటీ ఇంకా రద్దీ. గిరగిరా తిరిగే ఈ చక్రం చేతి లెక్కలో ఎక్కడా దొరకదు.

రెండోది, సాయంత్రం. సగటు పేషెంట్ డిశ్చార్జ్ రెండు గంటలు లేటైతే రెండు గంటలే నష్టం అనుకుంటాం. కానీ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు సాయంత్రం 4 దాటాక బిల్లు చేతికొస్తే "ఇప్పుడు బయల్దేరితే బస్సు దొరకదు సిస్టర్, రేపు పొద్దున్నే పోతాం" అంటారు, ఆపరేషన్ అయిన మనిషిని చీకట్లో రెండు బస్సులు మార్చి తీసుకెళ్ళమని ఎవరు అంటారు చెప్పండి. అంటే 4కి ముందు పది నిమిషాల ఆలస్యం పది నిమిషాలే, 4 దాటాక పది నిమిషాల ఆలస్యం రేపు పొద్దున 8 వరకు. రోజుకి 10 మంది ఇలా సాయంత్రం 6 నుంచి పొద్దున 8 దాకా 14 గంటలు ఆగిపోతే 140 బెడ్-గంటలు, 24తో భాగిస్తే దాదాపు 6 బెడ్లు, అది కూడా క్యాజువాలిటీకి అత్యవసరమైన రాత్రి పూట.

మూడోది మాకు తట్టింది కాదు, సర్జరీ వార్డ్ ఇన్‌ఛార్జ్ సిస్టర్ చెప్పింది. మోడల్ సరిగ్గా ఉందా లేదా అని ఆవిడకి చూపిస్తుంటే, శుక్రవారం పొద్దున పదకొండు పదకొండున్నరకి మోడల్‌లో ఇంతమంది వెళ్ళిపోతున్నారేంటి అని అడిగి, "సార్, మీ కంప్యూటర్లో రాహుకాలం ఉందా?" అంది. అందరం నవ్వాం గానీ ఆవిడ నవ్వలేదు. శుక్రవారం రాహుకాలం 10:30 నుంచి 12, బుధవారం 12 నుంచి 1:30, గురువారం 1:30 నుంచి 3, అన్నీ డిశ్చార్జ్‌లు జరిగే టైమ్‌లే. బిల్లు కట్టేసి, బ్యాగు సర్దుకుని, పేషెంట్‌కి చీర కట్టించి కూడా గడియారం వంక చూస్తూ కూర్చుంటారు. బాలింతల వార్డులో అయితే పంతులుగారు చెప్పిన టైమ్ తప్ప ఇంకో మాటే లేదు. అందుకని వారం వారీగా ఆ గంటన్నర పెట్టి, కొంత శాతం కుటుంబాలు ఆ టైమ్‌లో కదలరు అని రాశాం. దీన్ని మార్చాలని ఎవరూ ప్రయత్నించలేదు, ప్రయత్నించినా కుదరదు, కానీ బుధవారం మధ్యాహ్నానికి ఏ బెడ్ ఖాళీ అవుతుంది అని అంచనా వేయాలంటే అది తెలియాలి.

సాంకేతికంగా చేయాల్సినవి ఉంటాయి, త్వరగా చెప్పేస్తా. మోడల్ మొదలైనప్పుడు హాస్పిటల్ ఖాళీగా ఉంటుంది కాబట్టి నిండి స్థిరపడే దాకా వచ్చిన ఫలితాలు పారేయాలి, దీన్ని వార్మప్ అంటారు. ఒక్క రన్ చూసి ఏదీ నమ్మకూడదు, వేరే వేరే ర్యాండమ్ సీడ్లతో (ర్యాండమ్ నంబర్ల వరసని మొదలుపెట్టే అంకెలు) చాలాసార్లు నడిపి రేంజ్ చూడాలి. రెండు ప్లాన్లు పోల్చేటప్పుడు రెండింటికీ అవే పేషెంట్లు అదే టైమ్‌కి వచ్చేలా ఒకే సీడ్ వాడాలి, లేకపోతే తేడా ప్లాన్ వల్ల వచ్చిందా అదృష్టం వల్ల వచ్చిందా తెలీదు.

ఇప్పుడు ఫలితాల్లో నాకు బాగా నచ్చింది, దీనికి రూపాయి ఖర్చు లేదు. ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ రిక్వెస్ట్ వచ్చిన 3 గంటల్లోపు ఫైనల్ ఆథరైజేషన్ ఇవ్వాలి, అంతకంటే లేటై హాస్పిటల్ అదనంగా ఏమైనా ఛార్జ్ చేస్తే అది ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి. సరే, 3 గంటలు అనుకుందాం. ఒక యూనిట్‌లో 8 డిశ్చార్జ్‌లు, 3 ఇన్సూరెన్స్, 5 క్యాష్. పీజీ 11కి కూర్చుని ఒక్కో సమ్మరీకి 25 నిమిషాల చొప్పున రాస్తే మొదటిది 11:25కి, చివరిది 2:20కి అవుతుంది. ఇక్కడ పీజీలు సహజంగా చేసేది ఏంటంటే, ఇన్సూరెన్స్ సమ్మరీలు వివరంగా రాయాలి, ఒక్క మాట తప్పితే టీపీఏ నుంచి క్వెరీ వస్తుంది, అందుకని వాటిని చివరికి పెట్టుకుంటారు. అప్పుడు ఆ ముగ్గురి సమ్మరీలు 1:30, 1:55, 2:20కి అవుతాయి, ఇంకో 3 గంటలు కలిపితే 4:30, 4:55, 5:20. ముగ్గురూ 4 దాటేశారు. బస్సులో వెళ్ళాల్సిన వాళ్ళైతే ముగ్గురి బెడ్లూ రేపు పొద్దున్నే.

వరస తిప్పేయండి, ఇన్సూరెన్స్ ముగ్గురూ ముందు. వాళ్ళవి 12:15కల్లా అయిపోతాయి, 3 గంటలు కలిపితే ఆఖరివాడు 3:15కి బయటపడతాడు. క్యాష్ వాళ్ళ సమ్మరీలు 12:40 నుంచి 2:20 దాకా, బిల్లింగ్‌కి ఒక గంట వేసుకున్నా చివరివాడు 3:20. ఎనిమిది మందీ 4కి ముందే. ఇప్పుడు సగటు తీయండి: 11 నుంచి ఎంతసేపటికి వెళ్ళారు అని ఎనిమిది మందివీ కలిపితే మొదటి పద్ధతిలో 1740 నిమిషాలు, రెండో పద్ధతిలోనూ 1740 నిమిషాలే. సగటు ఒక్క నిమిషం కూడా కదల్లేదు! "యావరేజ్ డిశ్చార్జ్ టైమ్" అనే క్వాలిటీ ఇండికేటర్ నెలనెలా చూసుకునే కమిటీకి రెండు పద్ధతులకీ తేడా లేదు, కింద స్ట్రెచర్ మీద ఉన్న మనిషికి మాత్రం మూడు బెడ్ల తేడా. ఇందులో క్యాష్ పేషెంట్లు గంటకి పైగా లేటుగా వెళ్తారు, అది నిజమే, దాని మీద వార్డులో గొడవ కూడా వచ్చింది, "డబ్బు చేతిలో పట్టుకుని నిలబడ్డోణ్ణి ఆపుతారా" అని ఒకాయన బిల్లింగ్ దగ్గర గట్టిగానే అడిగాడు. సిస్టర్లకి ఒక మాట చెప్పాం, రౌండ్స్ అవ్వగానే ఎవరు ఎన్నింటికి వెళ్ళొచ్చో ముందే చెప్పేయండి, టైమ్ చెప్తే మనిషి కూర్చుంటాడు అని. చాలావరకు పనిచేసింది.

ఆ 20 బెడ్ల ప్రశ్నకి మోడల్ ఏం చెప్పిందంటే, వేస్తే తగ్గుతుంది, అందులో అనుమానం లేదు, కానీ వరస మార్చడం, రేపు వెళ్ళేవాళ్ళ సమ్మరీ ఇవాళ సాయంత్రమే డ్రాఫ్ట్ చేయడం, పొద్దున 9 నుంచి 12 దాకా యూనిట్‌కి ఒక ఇంటర్న్‌ని క్యాజువాలిటీ కాల్స్ నుంచి తప్పించి రిటర్న్స్, సమ్మరీల మీదే పెట్టడం, ఈ మూడూ కలిపితే ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం వార్డు కట్టకుండానే వస్తుంది. పైగా బెడ్లు పెంచి పీజీలని, బిల్లింగ్ కౌంటర్లని అలాగే ఉంచితే మధ్యాహ్నం క్యూ ఇంకా పెరుగుతుంది. కౌంటర్ క్యూల సంగతి తెలిసిందే, గంటకి 12 మందిని చూడగల కౌంటర్‌కి గంటకి 10 మంది వస్తే సగటు వెయిటింగ్ 25 నిమిషాలు, 11 మంది వస్తే 55. ఒక్కరు పెరిగితే రెట్టింపు దాటింది. రాకపోకలు యాదృచ్ఛికంగా ఉంటే వచ్చే పుస్తకం లెక్క ఇది, నిజం దీనికి మరీ దూరంగా ఉండదు.

డిశ్చార్జ్ లాంజ్ అని ఒక ఐడియా కూడా వచ్చింది, బిల్లు అయ్యేదాకా పేషెంట్‌ని బెడ్ మీద నుంచి దించి ఒక ఏసీ గదిలో కూర్చోబెట్టడం, బయటి దేశాల్లో చేస్తారు. మోడల్‌లో అందరూ ఒప్పుకుంటారు అని పెడితే అద్భుతం, సగం మందే ఒప్పుకుంటారు అని పెడితే లాభం బాగా పడిపోయింది. సిస్టర్లని అడిగితే సగం కూడా రారన్నారు, బిల్లు కట్టకముందే మంచం ఖాళీ చేయిస్తున్నారని అటెండర్లు గొడవ చేస్తారు, కుట్లు ఉన్నవాళ్ళు కూర్చోలేరు. ఆ గదికి పెట్టే డబ్బు ఆపేశాం.

ఇంకో పెద్ద విషయం బెడ్ల మీద హక్కు. టీచింగ్ హాస్పిటల్స్‌లో బెడ్లు డిపార్ట్‌మెంట్ వారీగా, యూనిట్ వారీగా ఉంటాయి, ఇన్‌స్పెక్షన్‌కి అదే లెక్క, అందుకని ఆర్థో బెడ్ ఖాళీగా ఉన్నా మెడిసిన్ పేషెంట్ స్ట్రెచర్ మీదే ఉంటాడు. దీనికి 1917లో ఎర్లాంగ్ టెలిఫోన్ ఎక్స్చేంజిల కోసం కట్టిన ఫార్ములానే సరిపోతుంది. 10 బెడ్ల వార్డుకి సగటున 8.5 బెడ్ల పని వస్తే, అంటే చూడ్డానికి 85 శాతం, వచ్చిన ప్రతి 100 మందిలో 14 మందికి బెడ్ దొరకదు. 100 బెడ్లు కలిపి వాడుకుంటూ 85 బెడ్ల పని వస్తే అదే 85 శాతం, కానీ దొరకనిది 100లో ఒకరికి కొంచెం పైన, అంతే. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బాగస్ట్, ప్లేస్, పోస్నెట్ అని ముగ్గురు ఎమర్జెన్సీ అడ్మిషన్ల మీద సిమ్యులేషన్ చేసి, సగటు ఆక్యుపెన్సీ 85 శాతం దాటితే రిస్క్ కనిపించడం మొదలవుతుంది, 90 దాకా పోతే బెడ్ల కొరత మామూలైపోతుంది, అప్పుడప్పుడూ సంక్షోభం కూడా వస్తుంది అని రాశారు. అప్పటి నుంచి 85 అనేది ఒక మంత్రం అయిపోయింది, ప్రతి ప్రెజెంటేషన్‌లో కనిపిస్తుంది. వాళ్ళ మోడల్ ఒక పెద్ద హాస్పిటల్‌ని ఊహించుకుని చేసింది, పది బెడ్ల ఐసీయూకి ఆ 85 తగిలిస్తే మునిగిపోతాం, పై లెక్క చూస్తే తెలుస్తుంది కదా.

కలిపి వాడుకుందాం అంటే హెచ్ఓడీలు, అంటే డిపార్ట్‌మెంట్ల పెద్దలు, ఒప్పుకోలేదు, కొన్ని కారణాలు న్యాయమైనవే. కుట్లు ఆరని సర్జరీ పేషెంట్ పక్కన నిమోనియా పేషెంట్‌ని పడుకోబెట్టలేం, ఆడవాళ్ళ వార్డు ఆడవాళ్ళదే. కొన్ని కారణాలు మాత్రం "మా బెడ్లు మావే" అన్న రకం. చివరికి ఒప్పుకున్నది ఏంటంటే, ప్రతి వార్డు నుంచి కొన్ని బెడ్లు సాయంత్రం 6 తర్వాత ఎవరికైనా ఇవ్వొచ్చు, మర్నాడు పొద్దున రౌండ్స్‌కల్లా సొంత వార్డుకి మార్చేయాలి. మోడల్‌లో ఇది బెడ్లన్నీ కలిపి వాడుకున్నంత లాభం ఇవ్వలేదు గానీ రాత్రి పూట స్ట్రెచర్ వెయిటింగ్ కనపడేలా తగ్గింది.

సూపరింటెండెంట్ సార్‌ని ఒప్పించింది మాత్రం గ్రాఫులు కాదు. నాకు యానిమేషన్లంటే పెద్ద ఇష్టం ఉండదు, చూపు బొమ్మ మీదకి పోతుంది, లెక్క మీదకి పోదు. కానీ మా టీమ్‌లో అమ్మాయి ఒకతె ఫ్లోర్ ప్లాన్ మీద ఒక్కో పేషెంట్‌కి ఒక్కో చుక్క పెట్టి కదిలేలా చేసింది, క్యాజువాలిటీలో ఒక ఎర్ర చుక్క, నాలుగో ఫ్లోర్‌లో దానికి దొరకాల్సిన బెడ్ మీద వైద్యం అయిపోయిన ఒక ఆకుపచ్చ చుక్క. "ఈ ఎర్రది ఎందుకు కదలట్లేదమ్మా?" "ఆ పచ్చది కదలట్లేదు సార్." "అదెందుకు కదలట్లేదు?" "దాని ఫైల్ ఫార్మసీలో ఉంది సార్." ఆయన అక్కడికక్కడే ఫార్మసీ ఇన్‌ఛార్జ్‌కి ఫోన్ చేశారు. ఆ తర్వాత రిటర్న్స్ కౌంటర్ వేరే పెట్టారు, మేము అడగనే లేదు.

అమలు దగ్గర సర్జరీ, ఆర్థోల్లో ముందు రోజు డ్రాఫ్ట్ బాగా కుదిరింది, ఆపరేషన్ అయిన పేషెంట్ ఎప్పుడు వెళ్తాడో ముందు రోజే దాదాపు తెలుస్తుంది కాబట్టి. వైట్‌బోర్డు మీద రేపు వెళ్ళేవాళ్ళ బెడ్ నంబర్ చుట్టూ గుండ్రంగా గీస్తారు, అది చూసి బిల్లింగ్ వాళ్ళు రాత్రే ప్రొవిజనల్ బిల్ తీసి అటెండర్ చేతికి ఇస్తారు, డబ్బులు సర్దుకోవడానికి వాళ్ళకి ఒక రాత్రి దొరుకుతుంది. మెడిసిన్‌లో కుదర్లేదు. అక్కడ పొద్దున ల్యాబ్ రిపోర్ట్ చూసి గానీ నిర్ణయం తీసుకోరు, మందులు మారిపోతాయి, రాత్రి రాసిన సమ్మరీ పొద్దున్నే మళ్ళీ రాయాలి, పీజీలు కొద్దిరోజులు చేసి మానేశారు, వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళవి ముందు రాయడం మాత్రం అన్ని వార్డుల్లో నిలిచింది, ఎందుకంటే దానికి ఎవరూ ఎక్కువ పని చేయక్కర్లేదు.

కొత్త వార్డు ప్లాన్ రద్దు కాలేదు, వాయిదా పడింది. సాయంత్రం స్ట్రెచర్ల సమస్య మామూలు రోజుల్లో బాగా సర్దుకుంది, సోమవారం మాత్రం పాత కథే. కారణం మోడల్‌లో స్పష్టంగా ఉంది, ఆదివారం కన్సల్టెంట్ రౌండ్స్ ఉండవు, అందుకని డిశ్చార్జ్‌లు దాదాపు ఉండవు, శనివారం వెళ్ళాల్సి మిగిలిపోయినవాళ్ళు, ఆదివారం వెళ్ళగలిగినవాళ్ళు అందరూ సోమవారం మీద పడతారు, అదే రోజు వారంలో అన్నిటికంటే పెద్ద ఓపీ. యూనిట్‌కి ఒక సీనియర్ రెసిడెంట్‌కి ఆదివారం డిశ్చార్జ్ చేసే అధికారం ఇస్తే ఎంత మారుతుందో నడిపి చూపించాం. సంతకం ఎవరిది, ఏమైనా అయితే బాధ్యత ఎవరిది అన్న దగ్గర ఆ ఫైల్ ఆగి ఉంది. ఈలోపు సాఫ్ట్‌వేర్ వెండర్ చేత మూడు బటన్లు పెట్టిస్తున్నాం, డాక్టర్ వెళ్ళమన్నారు, పేషెంట్ వెళ్ళారు, బెడ్ రెడీ అని. మూడోది హౌస్‌కీపింగ్ ఆయమ్మల ఫోన్‌లోనే ఉంటుంది, తెలుగులో.